పై అంతస్తా, పాత ఇల్లా, ఫ్లాటా, ప్లాటా: నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో అద్దె కోసం కొనే మొదటి ఆస్తి

చేతిలో పది పన్నెండు లక్షలు పోగైన ఉద్యోగికి నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా తరచుగా వినిపించే సలహా ఒకటుంది: ఒక ఫ్లాటు కొని అద్దెకిస్తే ఆ అద్దెతోనే ఈఎంఐ తీరిపోతుందని. వినడానికి బాగున్న ఈ మాట లెక్క వేసి చూస్తే నిలబడదు. ఇరవై ఏళ్ల గృహరుణానికి 9 శాతం వడ్డీ చొప్పున లక్షకు నెలకు సుమారు 900 రూపాయల వాయిదా పడుతుంది. 45 లక్షల ఫ్లాటుకు 36 లక్షలు అప్పు తీసుకుంటే నెలకు సుమారు 32,390 రూపాయలు కట్టాలి. ఆ ఫ్లాటుకు 13,000 అద్దె వచ్చిందనుకున్నా మిగిలిన 19,390 జీతంలోంచే పోవాలి. కాబట్టి అద్దెకూ వాయిదాకూ మధ్య ఎంత తేడాను, ఎన్నేళ్లపాటు, దేనికోసం భరించగలమో తేల్చుకున్నాకే ఏది కొనాలన్న ప్రశ్నకు రావడం మంచిది.

ఈ తేడా రావడానికి కారణం సులువైనదే. అద్దెకు దిగేవారు గదులకూ, నీళ్లకూ, బండి పెట్టుకునే చోటుకూ డబ్బిస్తారు తప్ప ఆ ఇంటి కింద ఉన్న నేల ఖరీదు ఎంతని అడగరు. ఇంకోవైపు, కాలం గడిచేకొద్దీ ధర పెరిగే అవకాశం ఉన్నది నేలకే. గోడలు, స్లాబు, పైపులు ఏటా పాతబడేవే. పెట్టిన సొమ్ములో ఎంత నేలలోకి పోతోంది, ఎంత కట్టడంలోకి పోతోంది అని విడదీసి చూస్తే మన ముందున్న దారులన్నీ ఒక వరుసలోకి వస్తాయి. ఇక్కడ వేస్తున్న ధరలు, అద్దెలు పోలిక కోసం అనుకున్నవి మాత్రమే. పాఠకులు తమ వీధి ధరలు వేసుకుని మళ్లీ లెక్కించుకోవాలి. వడ్డీ మాత్రం అన్నిచోట్లా 9 శాతంగానే తీసుకున్నాను.

సొంత ఇంటిపైన మరో అంతస్తు

ఊళ్లో ఇప్పటికే సొంత ఇల్లు ఉన్నవారు చాలామంది ఈ దారిని అసలు పెట్టుబడిగానే చూడరు. నా ఉద్దేశంలో మొదటిసారి అద్దె ఆదాయం కోరుకునేవారికి ఇంతకంటే చౌకైన మార్గం లేదు, ఎందుకంటే ఇందులో నేలకు ఒక్క రూపాయి కూడా పెట్టనక్కరలేదు. వెయ్యి చదరపు అడుగుల పై అంతస్తుకు 20 లక్షలు ఖర్చయి, నెలకు 9,500 అద్దె వస్తే పెట్టుబడిపై ఏటా 5.7 శాతం రాబడి. పైన చెప్పిన ఫ్లాటుపై అది 3.5 శాతం దాటదు. 15 లక్షలు ఇరవై ఏళ్లకు అప్పుగా తెచ్చుకుంటే వాయిదా సుమారు 13,500 అవుతుంది; నెలకు నాలుగు వేలు మాత్రమే చేతినుంచి పడుతుంది. ఇంటి ముందు మనమే ఉంటాం కనుక అద్దెకున్నవారితో వ్యవహారం కూడా తేలిక, అయితే మోటారు ఎప్పుడు వేయాలి, గేటు ఎవరు మూయాలి అన్న రోజువారీ పేచీలకు సిద్ధంగా ఉండాలి.

అయితే దీనికి మూడు షరతులున్నాయి. మొదటిది కింది ఇల్లు పిల్లర్లపై కట్టినదా, గోడలే బరువు మోస్తున్నాయా అన్నది. గోడల మీద నిలబడిన పాత మిద్దెపై ఇంకో అంతస్తు వేయవచ్చో లేదో మేస్త్రీ మాటతో కాక, స్ట్రక్చరల్ ఇంజనీరు చేత పరీక్ష చేయించి నిర్ణయించాలి. ముత్తుకూరు, కొత్తపట్నం వంటి సముద్రపు గాలి తగిలే చోట్ల పాత స్లాబుల్లో ఇనుము తుప్పుపట్టి పెచ్చులూడడం మనకు తెలిసినదే. అలాంటి స్లాబుపై కొత్త బరువు పెట్టడం ప్రమాదం. రెండోది, పై అంతస్తుకు మున్సిపాలిటీ మంజూరు చేసిన ప్లాను. అది లేనిదే బ్యాంకు గృహరుణం ఇవ్వదు. ఉంటే పని జరిగే దశలను బట్టి, పునాది బలపరచడం, స్లాబు, గోడలు అంటూ విడతలుగా ఇస్తుంది.

మూడోది ఇంట్లో మాట. నాన్నగారి పేరున ఉన్న ఇంటిపై కొడుకు తన జీతంతో అంతస్తు వేయడం మన వైపు సాధారణమే. అప్పు కోసం బ్యాంకు ఎలాగూ తండ్రిని కూడా సంతకం పెట్టమంటుంది. కాని పదేళ్ల తరువాత పంపకాల వేళ ఆ పై అంతస్తు ఎవరిదన్న ప్రశ్న వచ్చినప్పుడు నోటిమాటకు విలువ ఉండదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్న ఇంట్లో ముందుగా పై భాగం హక్కును రిజిస్టరు చేసిన సెటిల్‌మెంటు దస్తావేజుతో తేల్చుకుని, ఆ తరువాతే ఇటుక దించుకోవాలి.

ఫ్లాటు

ఫ్లాటులో మన సొమ్ము ఎక్కువగా కట్టడంలోకి పోతుంది. నేలలో దక్కేది అవిభాజ్య వాటా మాత్రమే. ధర చెప్పేటప్పుడు అందరూ చదరపు అడుగుల్లోనే చెబుతారు గాని, అడగవలసినది దస్తావేజులో ఎన్ని గజాలు రాస్తారన్నది. ఒకే ధరకు వచ్చే రెండు ఫ్లాట్లలో ఒకదానికి 30 గజాలు, మరొకదానికి 45 గజాలు వాటా ఉంటే, ఇరవై ఏళ్ల తరువాత వాటి విలువలో వచ్చే తేడా టైల్సు వల్లనో లిఫ్టు వల్లనో వచ్చేది కాదు.

కొత్తవారు ఇక్కడ తప్పుగా లెక్క వేసేది చేతినుంచి ఎంత పెట్టాలన్నది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల వరకు ఉన్న గృహరుణానికి ఆస్తి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య రుణానికి 80 శాతం దాకా, అంతకు మించితే 75 శాతం దాకానే ఇవ్వవచ్చు. ఆ విలువలో సాధారణంగా రిజిస్ట్రేషను ఖర్చు కలపరు. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషను ఫీజు 1 శాతం కలిపి 7.5 శాతం, 45 లక్షలకు 3,37,500 రూపాయలు. అంటే 9 లక్షలు మార్జిను (ధరలో మన చేతినుంచి పెట్టే భాగం) ఉంటే చాలనుకున్న మనిషికి నిజానికి పన్నెండున్నర లక్షలు కావాలి. నేను మొదటి ఫ్లాటు కొన్నప్పుడు ఈ మూడు లక్షల సంగతి చివరి వారంలో గాని గుర్తుకు రాలేదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు రాసి తెచ్చి, దాన్ని తీర్చేసరికి పద్నాలుగు నెలలు పట్టింది. వడ్డీయే 84,000 అయింది. ఆ ఏడాది వచ్చిన అద్దెలో చాలాభాగం దానికే పోయింది.

నిర్మాణంలో ఉన్న ఫ్లాటు కొంటే జీఎస్టీ 5 శాతం ఉంటుంది; ధర 45 లక్షల లోపు, కార్పెట్ విస్తీర్ణం మన ఊళ్లలో 90 చదరపు మీటర్ల లోపు అయితే 1 శాతమే. పూర్తయినట్టు సర్టిఫికెట్ వచ్చాక కొంటే ఈ పన్ను ఉండదు. అద్దె కోసం కొనేవారు పూర్తయిన ఫ్లాటునే చూసుకోవడం మేలని నా అభిప్రాయం. పని ఆగిపోయిన రెండేళ్లూ అద్దె రాదు, వడ్డీ మాత్రం ఆగదు. ఇళ్లు కొనేవారిని కాపాడే రెరా చట్టం ఉంది కదా అని నిశ్చింతగా ఉండడానికీ లేదు. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా ఆ చట్టం కింద నమోదు తప్పనిసరి కాదు. సందుల్లో లేచే చిన్న అపార్టుమెంట్లకు ఈ మినహాయింపు వర్తించవచ్చు.

ఇన్ని చెప్పినా, ఊళ్లో లేనివారికి ఫ్లాటే నయం. బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేస్తూ నెల్లూరులో ఆస్తి పెట్టుకున్నవారికి కాపలాదారు, లిఫ్టు, నీటి ఏర్పాటు అసోసియేషనే చూసుకోవడం చిన్న సౌకర్యం కాదు.

రెండు మూడు వాటాల పాత ఇల్లు

కింద ఒక పోర్షను, పైన ఒకటి, ఒక్కోసారి మిద్దెపై ఒంటిగదితో ఉండే పాతికేళ్ల నాటి ఇళ్లు నెల్లూరు వేదాయపాళెం, దర్గామిట్ట నుంచి కావలి, కందుకూరు దాకా అమ్మకానికి వస్తూనే ఉంటాయి. వీటిలో నేల భాగం ఎక్కువ. 48 లక్షల ఇంటికి రెండు వాటాలపై 8,000, 7,000 చొప్పున వస్తే రాబడి 3.75 శాతం, ఫ్లాటుకంటే కొద్దిగానే ఎక్కువ. కాని రెండు ప్రయోజనాలున్నాయి. ఒక వాటా ఖాళీ అయినా రెండోది నడుస్తుంది. ఫ్లాటు ఖాళీ అయితే ఆదాయం మొత్తం ఆగుతుంది. పైగా, కట్టడం పూర్తిగా పాతబడిన నాటికీ స్థలమంతా మనదే.

కష్టమంతా కాగితాల్లోనూ, నీళ్లలోనూ ఉంటుంది. కనీసం ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తిపై నమోదైన లావాదేవీల పత్రం) తీయించి, అందులో కనబడే ప్రతి లావాదేవీకీ లింకు దస్తావేజు, అంటే ఆస్తి చేతులు మారినప్పటి పాత దస్తావేజు, ఉందో లేదో లాయరు చేత చూపించాలి. వారసుల్లో ఒక్కరు సంతకం పెట్టకపోయినా బ్యాంకు వెనక్కి పంపుతుంది, పంపడమే మంచిది. నీళ్ల సంగతి రెండు విధాలు. ఒంగోలులో అద్దెకు వచ్చేవారు మొదట అడిగేది బోరులో నీళ్లున్నాయా, వేసవిలో ట్యాంకరు తెప్పించాలా అని. నెల్లూరులో అడగవలసినది పెన్న పొంగితే నీళ్లు ఎంతవరకు వస్తాయని. 2021 నవంబరు వరదల్లో భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం వంటి ఏటి ఒడ్డు ప్రాంతాలు మునగడం, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోవడం ఊరంతా చూసింది. ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు గోడకు కొత్తగా వేసిన రంగును కాక, ఎదురింటి పెద్దవారిని ఆ ఏడాది నీళ్లు ఎన్నో మెట్టు దాకా వచ్చాయని అడగడం ఎక్కువ ఉపయోగం.

పాత ఇంటి బేరాల్లో సగం సొమ్ము నగదుగా ఇవ్వమనడం మామూలు. అలా ఇస్తే దస్తావేజు విలువ తగ్గి, దాన్ని బట్టి వచ్చే అప్పు కూడా తగ్గుతుంది. రేపు అమ్మినప్పుడు కాగితం మీద లాభం పెరిగి పన్ను మనమీదే పడుతుంది. స్థిరాస్తి బేరంలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. తీసుకున్న మొత్తానికి సమానంగా జరిమానా వేయవచ్చు. ధర 50 లక్షలు, అంతకు మించితే కొనేవారే అమ్మేవారికిచ్చే సొమ్ములోంచి 1 శాతం టీడీఎస్ (అమ్మేవారి తరఫు పన్ను) మినహాయించి ప్రభుత్వానికి కట్టాలన్నది కూడా చాలామంది మరచిపోయే విషయం.

ప్లాటు

మొత్తం సొమ్ము నేలలోకే పోయేది ఇక్కడ. అద్దె సున్న కనుక, కచ్చితంగా చెప్పాలంటే ఇది అద్దె ఆస్తి కాదు. అయినా మన జిల్లాల్లో ఇంటి పెట్టుబడి మాట రాగానే ముందుకు వచ్చేది ఇదే కాబట్టి పోలికలోకి తీసుకోక తప్పదు. 9 శాతం వడ్డీకి అప్పు తెచ్చి కొన్న ప్లాటు ధర ఎనిమిదేళ్లలో రెట్టింపు అయితే వడ్డీ ఖర్చుకు దాదాపు సరిపోతుంది; అసలు లాభం ఆపైన వచ్చేదే. స్థలానికిచ్చే అప్పులో బ్యాంకులు గృహరుణం కంటే తక్కువ శాతాన్నే, తక్కువ కాలానికే ఇస్తాయి; ఇల్లు కట్టనంతవరకు ఆ వడ్డీకి పన్ను మినహాయింపు రాదు.

రేవు వస్తుందట, పరిశ్రమ వస్తుందట అనే మాటకు ఎంత ధర ఇవ్వవచ్చో ఆలోచించేటప్పుడు దొనకొండను తలచుకోవాలి. 2014లో రాజధాని అక్కడికే వస్తుందన్న ఊహతో ఎకరాలు చేతులు మారాయి. రాజధాని మాత్రం అమరావతికి వెళ్లింది. రామాయపట్నం సంగతి దానితో సమానం కాదు, అక్కడ రేవు పని కళ్లెదుట జరుగుతోంది. అయినా రేవు రావడం వేరు, రేవుకు పాతిక కిలోమీటర్ల దూరంలోని లేఅవుటులో ఇళ్లు లేవడం వేరు. హైవే పక్కన రాళ్లు పాతి, ఆర్చీ కట్టిన లేఅవుట్లలో ఎన్నింటిలో ఇంటి దీపం కనబడుతోందో ఒక సాయంత్రం బండి మీద తిరిగి చూస్తే చాలు.

కొనడమే అయితే పట్టణాభివృద్ధి సంస్థలైన నెల్లూరు వైపు నుడా, ఒంగోలు వైపు ఔడా ఆమోదించిన లేఅవుటు నంబరు అడగాలి. సర్వే నంబరు రిజిస్ట్రేషను చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో లేదని సరిచూడాలి. చుక్కల భూమి (పాత రెవెన్యూ రికార్డులో యజమాని పేరు ఉండవలసిన చోట చుక్కలే ఉన్న భూమి) చరిత్ర ఉంటే ఆ చిక్కు ఎలా తొలగిందో కాగితం చూపమనాలి. ఇంకొక చిన్న సంగతి: మన వైపు ధర అంకణాల్లో చెబుతారు. అంకణమంటే ఒకచోట 72 చదరపు అడుగులు, మరొకచోట 36. బేరానికి కూర్చునే ముందే దాన్ని గజాల్లోకి మార్చుకోకపోతే సగం ధరకు దొరికిందన్న భ్రమ కలుగుతుంది.

అంగడి గది గురించి క్లుప్తంగా చెబుతాను. నెల్లూరు వారు అంగడి అన్నా, ఒంగోలు వారు కొట్టు అన్నా, అద్దె శాతం ఇంటికంటే ఎక్కువే వస్తుంది. కాని దానికి గృహరుణం రాదు, వడ్డీ ఎక్కువ, గది ఖాళీ పడితే నెలలు గడిచినా నిండకపోవచ్చు. మొదటి కొనుగోలుగా దీన్ని నేను సిఫారసు చేయను. అద్దె ఆదాయం కావాలి గాని అప్పూ వద్దు, అద్దెదారులూ వద్దు అనుకునేవారికి స్టాకు మార్కెట్లో నమోదైన రీట్లు (చాలామంది సొమ్ముతో అద్దె భవనాలు నడిపే ట్రస్టులు) ఉన్నాయి. 2021 నుంచి వాటిని ఒక్క యూనిట్ చొప్పున కూడా కొనుక్కోవచ్చు. పంచగల నగదులో కనీసం 90 శాతం యూనిట్‌దారులకు ఇవ్వాలన్నది నియమం. వాటి ధర రోజూ పెరుగుతూ తగ్గుతూ ఉంటుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

అప్పు ఎక్కడినుంచి

ఒకే ఆస్తి, తెచ్చిన అప్పును బట్టి మంచి కొనుగోలూ కావచ్చు, మెడకు గుదిబండా కావచ్చు. గృహరుణానికి సాటివచ్చే చౌక అప్పు మధ్యతరగతికి మరొకటి లేదు. ఉన్న ఇంటిని తాకట్టు పెట్టి తీసుకునే రుణానికి వడ్డీ అంతకంటే ఎక్కువ, గడువు తక్కువ. బంగారంపై అప్పు రెండు మూడు నెలల సర్దుబాటుకు పనికి వస్తుంది గాని ఇంటి ధరకు కాదు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. మూడున్నర శాతం ఇచ్చే ఇంటికి దాన్ని వాడడం ఎటు చూసినా నష్టమే. పాడుకున్న చీటీ సొమ్మును మార్జినుకు వాడేవారు, మిగిలిన నెలల చీటీ వాయిదాను కూడా ఈఎంఐ పక్కన కలిపి రాసుకోవాలి.

బ్యాంకులు 2019 అక్టోబరు నుంచి కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతూ ఉండే) గృహరుణాలు రెపో (రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటు) వంటి బయటి ప్రమాణానికి ముడిపడి ఉన్నాయి. రెపో రేటు 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల 4 నుంచి 6.5 శాతానికి పెరిగింది; 2025 మొదటి ఆరు నెలల్లో 5.5కి దిగింది. రేటు పెరిగినప్పుడు వాయిదా పెంచకుండా గడువు పొడిగిస్తే మనకు తెలియకుండానే భారం పెరుగుతుంది. పైన చెప్పిన 36 లక్షల అప్పుపై మొదట్లోనే వడ్డీ 9 నుంచి 10కి పెరిగి, వాయిదా 32,390గానే ఉంచితే, ఇరవై ఏళ్ల అప్పు ఇరవయ్యారేళ్లు దాటుతుంది. అందుకే రేటు మారినట్టు సందేశం వచ్చిన ప్రతిసారీ గడువు ఎంత అయిందో బ్యాంకులో రాతపూర్వకంగా అడగడం అవసరం. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు గృహరుణాన్ని ముందుగా తీర్చినందుకు జరిమానా లేదు. పంట డబ్బో, బోనసో వచ్చినప్పుడు అసలుకు జమ చేయవచ్చు. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలన్న నియమం 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది.

పన్ను ఆదా కోసం కొంటున్నామనేవారు ఒకసారి తిరిగి ఆలోచించాలి. అద్దెలోంచి మనం కట్టిన ఇంటిపన్ను తీసివేసి, మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతుల కింద మినహాయిస్తారు. అప్పుపై కట్టిన వడ్డీని కూడా అందులోంచి తీసివేస్తారు. 36 లక్షల అప్పుకు మొదటి ఏడాది వడ్డీ 3.2 లక్షలు దాటుతుంది కనుక కాగితంపై రెండు లక్షల పైచిలుకు నష్టం కనబడుతుంది. పాత పన్ను విధానంలో ఉన్నవారు ఏడాదికి 2 లక్షల దాకా దాన్ని జీతంతో సర్దుకోవచ్చు. కొత్త విధానంలో ఆ వీలు లేదు. ఉద్యోగుల్లో చాలామంది ఇప్పుడు దానిలోకే మారారు.

ఎవరికి ఏది

సొంత మిద్దె, గట్టి పిల్లర్లు, తేలిన హక్కులు ఉన్నవారు మరోచోట చూడనక్కరలేదు. పై అంతస్తే వేయాలి. ఊళ్లో ఉండి వారానికొకసారి ఇల్లు చూసుకోగలవారు, పదిహేనేళ్లు ఆగగలవారు వాటాల పాత ఇంటివైపు మొగ్గవచ్చు. దూరాన ఉన్నవారు నడుస్తున్న, అద్దెకు మనుషులున్న ఫ్లాటు కొనాలి. నెల్లూరులో చింతారెడ్డిపాళెం ఆసుపత్రి వైపు, ఒంగోలులో ప్రభుత్వ వైద్య కళాశాల చుట్టుపక్కల ఉద్యోగులు, విద్యార్థులు మారుతూ ఉన్నా డిమాండు ఉండే చోట్లు మేలు. ప్లాటు, ఈఎంఐ లేకుండా కొనగలవారికే.

ఇంకా సొంత ఇల్లు లేక తానే అద్దెకుంటూ, పన్నెండు లక్షలు చేతిలో ఉన్న ఉద్యోగి సంగతి వేరు. అతను అద్దె కోసం ఫ్లాటు కొని తాను వేరేచోట అద్దె కట్టడంకంటే, రెండు వాటాల ఇల్లు కొని ఒకదానిలో కాపురముండి రెండోది అద్దెకివ్వడం మంచిది. పై 48 లక్షల ఇంటిపై 80 శాతం, అంటే 38.4 లక్షల అప్పుకు వాయిదా సుమారు 34,550. ఒక వాటా అద్దె 7,000 వస్తుంది, తాను ఇప్పటిదాకా కడుతున్న ఎనిమిది వేలు మిగులుతాయి, కనుక అదనపు భారం 19,550. మార్జిను, రిజిస్ట్రేషను కలిపి 13.2 లక్షలు కావాలి కాబట్టి, ఆ లోటు లక్షా ఇరవై వేలు పూడేదాకా నోటు రాయకుండా ఒక ఏడాది ఆగవచ్చు; ఆ ఏడాదిలో నెలనెలా అదే 19,550 పక్కన పెట్టి చూస్తే, వాయిదా మోయగలడో లేదో కూడా అతనికే తెలిసిపోతుంది.